వేళ్లకు అందిన వెలాస్కెజ్

శిల్పానికి ఎత్తుపల్లాలు పుట్టుకతోనే ఉంటాయి. దానికో నకలు చేసి చూపు లేనివారి చేతికందిస్తే సగం పని అయినట్టే. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో తెరిచిన ‘అనుభవ్’ గ్యాలరీ 22 ప్రతిరూపాలతో ఆ పని చక్కగా చేసింది. చిక్కంతా వర్ణచిత్రంతోనే. కాన్వాసు మీద వేలు పెడితే తగిలేది రంగు పూసిన గుడ్డే, అందులో దేవుడూ దొరకడు, మనిషీ దొరకడు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం అదే ఏడాది జనవరిలో ఈ చిక్కుముడికే పూనుకుంది. తన దగ్గరున్న ఆరు చిత్రాలకు తడిమి చూసే ప్రతులు చేయించి, చూపు లేనివారి ముందు పెట్టింది.

వాటిని తయారుచేసింది ఎస్తూదియోస్ దురేరో అనే స్పెయిన్ సంస్థ. వాళ్ల పద్ధతి పేరు ‘దిదూ’. ముందు చిత్రాన్ని చాలా స్పష్టంగా ఫొటో తీస్తారు. ఏది పైకి లేవాలి, ఏది అణగి ఉండాలి, ఎక్కడ ఏ గరుకు తగలాలి అన్నది దాని మీద ఒక్కొక్కటిగా తేల్చుకుంటారు. తర్వాత ప్రత్యేకమైన ఇంకుతో అచ్చువేసి రసాయన ప్రక్రియకు గురిచేస్తే, ఆ భాగాలు కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బుతాయి. చివరికి దానిమీద అసలు చిత్రం రంగులు అచ్చవుతాయి. ఉబ్బించేది రసాయనమే కావచ్చు, కానీ ఈ పనిలో అసలు కళ ఆ తేల్చుకోవడంలోనే ఉంది.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1630లో వేసిన ‘వల్కన్ కొలిమి’నే తీసుకుందాం. కమ్మరి దేవుడు వల్కన్‌కు అతని భార్య వీనస్ మరొకరితో ఉందన్న కబురు మోసుకుని అపోలో దేవుడు కొలిమిలోకి వస్తాడు. వల్కన్ చేతిలో పటకారు, పటకారులో ఎర్రగా కాలిన ఇనుము, దాని కింద దాగలి. చుట్టూ నలుగురు పనివాళ్లు, ఎక్కడి పని అక్కడే ఆపేసి చూస్తుంటారు. నేల మీద ఒక కవచం. కంటికి ఇదంతా ఒక్కసారే అందుతుంది. వేలికొస అలా కాదు, గోరంత మేర చదివి పక్కకు జరుగుతుంది, ముక్కలు పోగేసుకుంటూ మొత్తానికి వెళుతుంది. ఒకరి వెనక ఒకరు నిలబడ్డ ఒళ్లలో ఏ చెయ్యి ఎవరిదో తేలాలి. నీడను కూడా ఉబ్బించారంటే వేలికి అది ఇంకో మనిషిలా తోస్తుంది. కాబట్టి చిత్రకారుడు ప్రాణంపెట్టి వేసినవాటిలోనే కొన్నిటిని వదులుకోక తప్పదు. అసలు చిత్రం దాదాపు మూడు మీటర్ల వెడల్పు. అంత పెద్దదాని ముందు నిలబడి రెండు చేతులతో అంతా తడమలేం. అందుకే ప్రతిని చేతులకందే కొలతకు తగ్గించారు.

రంగులు ఉంచడం నాకు మరీ నచ్చిన సంగతి. చూపు లేదని మనం అనుకునేవారిలో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలే ఉంటుంది. అపోలో నారింజ వస్త్రం వాళ్లకు మసకగా కనిపిస్తూనే, వేళ్లకు మడతలు మడతలుగా తగులుతుంది. తెల్లటి ప్లాస్టిక్ పలక ఇచ్చి ఊరుకుని ఉంటే సగం మందికి అన్యాయం జరిగేది.

ఎల్ గ్రెకో వేసిన ‘గుండె మీద చెయ్యేసుకున్న పెద్దమనిషి’ ఈ పద్ధతికి బాగా కుదిరే బొమ్మ. మెడచుట్టూ లేసు, ముంజేతి దగ్గర లేసు, దగ్గరగా చేర్చిన రెండు నడిమి వేళ్లు, కత్తిపిడి, అన్నీ వేలు ఇట్టే పట్టుకోగలిగినవే. మోనాలీసా అలా కాదు. ఆరింటిలో ఒకటైన ఈ మోనాలీసా లియొనార్డో శిష్యుల్లో ఒకరు గురువు దగ్గరే ఉండి వేసిన నకలు. ముడుచుకున్న చేతులు, కుర్చీ, వెనక కొండలు వేలికి తెలుస్తాయి. ఆ నవ్వు మాత్రం గీతలో లేదు, బుగ్గ మీద మెల్లగా కరిగే నీడలో ఉంది. నీడకు ఎత్తు ఎక్కడినుంచి తెస్తారు? పెదవి కొసను ఎంత నేర్పుగా ఎత్తినా కొంత మిగిలిపోతుంది. అక్కడ మాట సాయం కావాలి. బ్రెయిలీ వివరణలు, ఆడియో గైడు అందుకే పెట్టారు. దాన్ని నేను లోపంగా చూడను. చూపున్న మనకూ ఆ నవ్వు గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా!

చూపున్న సందర్శకులకు అక్కడ నల్లటి అద్దాలు ఇచ్చారు, ఏమీ కనిపించనివి. అవి పెట్టుకుని వాళ్లూ అదే వల్కన్‌ను, అదే దాగలిని వేళ్లతో వెతుక్కున్నారు. చూపు లేనివారికోసం వేరే గది, వేరే వేళ అని పెట్టకుండా ఒకే బొమ్మ మీద అందరి చేతులూ పడనివ్వడం ప్రాడో చేసిన మంచి ఏర్పాటు. ఆరు చిత్రాలు మాత్రం తక్కువే. అంత పెద్ద మ్యూజియంలో ఇలాంటి ప్రతి ఒకటి ప్రతి గదిలోనూ, అసలు చిత్రం పక్కనే, ఎప్పటికీ ఉండాలి.