ఆగిన చోటు పట్టుకునే పనితనం

రూట్ ఫైల్‌సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ (పలు డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతి) మీద ఉన్న లైనక్స్ సర్వర్ బూట్ కాకపోతే, దాన్ని తిరిగి నిలబెట్టడం ఓర్పు కావలసిన విద్య. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం, టెక్కలి ప్రాంతాల్లో తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. హఠాత్తుగా కరెంటు పోతే డిస్కుల్లో రాత మధ్యలోనే ఆగి సర్వర్ మళ్లీ లేవకపోవచ్చు; అందుకే ఇలాంటి చోట ఈ విద్యకు విలువ ఎక్కువ.

నిపుణులు ముందుగా బూట్ ఎక్కడ ఆగిందో చూస్తారు. గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ కనిపిస్తే బూట్‌లోడర్ అయిన గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకలేదని అర్థం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలిదశలో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) షెల్ కనిపిస్తే కెర్నల్ లేచింది గానీ రూట్ అందలేదని అర్థం. చాలాసార్లు రెయిడ్ శ్రేణి జతకూడకపోవడమే కారణం. అప్పుడు రెయిడ్‌ను నిర్వహించే ఎండీఆడ్మ్ సాధనంతో ప్రతి డిస్కు యూయూఐడీ, ఈవెంట్ కౌంట్ పోలుస్తారు. కౌంట్ వెనకబడిన డిస్కులో ఉన్నది పాత డేటా. శ్రేణిని అసెంబుల్ చేస్తారే తప్ప కొత్తగా క్రియేట్ చేయరు; ఈ తేడా పాటిస్తేనే డేటా దక్కుతుంది.

తర్వాత రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, క్రూట్ ఆదేశంతో సర్వర్ అసలు రూట్‌లోకి వెళ్లి, ఎండీఆడ్మ్ కాన్ఫిగ్ సరిదిద్ది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేస్తారు. రెయిడ్-1లో డేటా రెండు డిస్కుల్లో ఉన్నా బూట్‌లోడర్ ఒక్కదానిలోనే ఉండిపోవడం తరచూ జరిగే లోపం. అందుకే గ్రబ్‌ను రెండింటిలోనూ ఎక్కిస్తారు.

ఏ ఒక్క డిస్కుతోనైనా సర్వర్ లేచినప్పుడే ఈ పని పూర్తయినట్టు. రెయిడ్ ఉన్నా బ్యాకప్ తప్పనిసరి.