జన్యుపటములు – పాఠపరిష్కరణ దృష్టి

ఆనేకల్ తాలూకాలోని బొమ్మసంద్రమున 2009లో వెలసిన మజుందార్ షా కాన్సర్ ఆసుపత్రి ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములకు సుపరిచితము. రొమ్ము కాన్సరుతో అట్టి ఆసుపత్రులకు వచ్చు స్త్రీలలో పెక్కుమందికి ఈస్ట్రోజన్ గ్రాహకమను ప్రోటీనును బట్టి చికిత్స నిర్ణయింపబడును. టామాక్సిఫెన్ మందు అడ్డగించునది ఈ ప్రోటీనునే. ఇది డి.ఎన్.ఏ.పై ఏయే చోట్ల అంటుకొని జన్యువులను మేల్కొల్పునో తెలుపు పటములు గడచిన రెండు దశాబ్దములలో వెలువడినవి. అవి ఎంతవరకు ప్రమాణములో విచారింపవలసియున్నది.

పటరచనకు పద్ధతి యిది. ఫార్మాల్డిహైడు కలిపినచో ప్రోటీను తానున్న చోటనే డి.ఎన్.ఏ.కు బిగిసిపోవును. పిమ్మట డి.ఎన్.ఏ.ను తునకలు గావించి, ఆ ప్రోటీనును మాత్రమే గుర్తించు ప్రతిరక్షకముతో దానినంటియున్న తునకలను వెలికిదీసి, అవి యే స్థానములవో తేల్చుదురు. 2006లో జేసన్ కారల్ ప్రభృతులు ఈ విధమున 3,665 స్థానములను గుర్తించిరి. వానిలో జన్యువుల ఆరంభస్థానములకు చేరువనున్నవి నూటికి నాలుగు మాత్రమే. జన్యువు తాళపుచెవి దాని గుమ్మముననే యుండునను విశ్వాసము దీనితో సడలినది. ఇది ఘనమైన ఫలితము.

అయినను రెండు ఆక్షేపణలు కలవు. ఆ కణములన్నియు ఎం.సి.ఎఫ్.-7 అను ఒకే వంశమువి. మిచిగాన్ కాన్సర్ ఫౌండేషన్ వారు ఒక్క రోగిణినుండి గ్రహించి 1973లో ప్రకటించినవి. ఒక్క తాటాకుప్రతిని నమ్మి కావ్యమును అచ్చువేసినచో లేఖకుని తప్పు కవిపాఠముగా చెలామణి యగును. అందుచేతనే సి.పి. బ్రౌను పెక్కు ప్రతులు సేకరించి పండితులచే సరిచూపించెను. ఇక రెండవది: అంటుకొన్న చోటనెల్ల ప్రోటీను పనిచేయుచున్నదనుకొనుట. పదసూచిక పదమున్న పుటను చెప్పును గాని అర్థమును చెప్పదు. ఆ స్థానమును మార్చి, జన్యువు నడక మారినదో లేదో చూచినగాని ప్రయోజనము తేలదు.

మొదటి లోపమును దిద్దుటకు కారల్ బృందమే పూనుకొన్నది. 2012లో వారు పలువురు రోగిణుల కంతులనుండి పటములు వ్రాసి పోల్చిరి. మందునకు లొంగని కాన్సరులలోను గ్రాహకము డి.ఎన్.ఏ.ను వీడలేదు, వ్యాధి తిరుగబెట్టు అవకాశమున్నవారి కంతులలో అది క్రొత్త స్థానములను పట్టుకొన్నది. ఒక్క ప్రతి చూచినవారికి ఈ పాఠభేదము కనబడదు. ఈ పాఠభేదముపై ఒక స్త్రీ ఆయువు ఆధారపడియున్నది.

కావున ఇట్టి పటము చేతికి వచ్చినపుడు ప్రతులెన్ని, ఎవరివి అను ప్రశ్నలను ముందు వేయవలెను. స్థానముల సంఖ్య ఆ తరువాతి మాట. బొమ్మసంద్రమున చికిత్స పొందు స్త్రీల కణములును చేరి సరిచూడబడిననే ఆ గ్రంథము వారికి ప్రమాణమగును.