ఉక్కు పక్కన హక్కు

‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’. నాలుగు మాటలు, క్రియ లేదు. ఈ నినాదాన్ని లఘు గురువులుగా విడదీసి చూడండి. ‘విశాఖ’కు నాలుగు మాత్రలు, ‘ఉక్కు’కు మూడు. ‘ఆంధ్రుల’కు నాలుగు, ‘హక్కు’కు మూడు. అటు ఏడు, ఇటు ఏడు. ఊరేగింపులో ముందున్నవాడు మొదటి సగం అంటే, వెనకున్న వేలమంది రెండో సగాన్ని తడబడకుండా అందుకోగలరు. పైగా అంత్యప్రాసలో తేడా ఒక్క మొదటి అక్షరంలోనే. మిగిలిందంతా ఆ ద్విత్వ కకారమే, బిగించిన పిడికిలిలా.

ఈ రెండు మాటలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. ‘ఉక్కు’ ఇంటి మాట. కన్నడంలోనూ ఉక్కే; తమిళ, మలయాళాల్లో ‘ఉరుక్కు’. తమిళంలో ‘ఉరుక్కు’ అంటే కరిగించడం కూడా, అంటే పేరులోనే కొలిమి ఉంది. తెలంగాణలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు పెట్టిన వ్యాసంలో ఈ లోహం ‘వూట్జ్’ పేరుతో కనిపిస్తుంది. అది మన ‘ఉక్కు’కే వికృతి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

‘హక్కు’ కథ ఇంకా పెద్దది. అరబీలో ‘హక్’ అంటే సత్యం. న్యాయంగా ఒకరికి చెందవలసినది కూడా. ఇస్లాంలో దైవనామాల్లో ‘అల్ హక్’ ఒకటి. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరుతో నిలిచిపోయిన ‘అనల్ హక్’లోనూ ఉన్నది ఈ మాటే. తుర్కీ, మలయ్ భాషల్లో ‘హక్’, స్వాహిలీలో న్యాయానికీ హక్కుకూ ‘హాకీ’. హీబ్రూలో దీని జ్ఞాతిపదం ‘హోక్’ అంటే శాసనం. మనకు పారసీ, ఉర్దూల మీదుగా, కచేరీల ద్వారా వచ్చింది. అరబీలో చివరి హల్లు ద్విత్వమే. ఉర్దూ పలుకుబడిలో విడిగా అన్నప్పుడు అది వినబడదు. తెలుగు నోట ఉకారం చేరగానే మళ్లీ గట్టిగా మోగింది. మన దస్తావేజుల్లోని ‘హక్కు భుక్తాలు’ చూడండి, అరబీ మాట సంస్కృతంతో ఎంత చక్కగా కలిసిపోయిందో!

ఇక్కడ ‘అధికారం’ అని ఉంటే? హిందీలో ఆ మాటకు హక్కు అనే అర్థం ఉంది. తెలుగులో మాత్రం అది పెత్తనం వైపు మొగ్గుతుంది. ‘కావాలి’ అని ఉంటే అది విన్నపమయ్యేది. ఈ నినాదం అడగదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ప్రకటిస్తుంది. క్రియ లేకుండానే పూర్తి వాక్యం కట్టగల తెలుగు స్వభావం దానికి అండ.

ఈ నినాదం వెనక ఉన్నది విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమం. 1966 అక్టోబరు 15న ఆ కోరికతోనే ఉద్యమకారుడు అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఉద్యోగుల కాలనీకి ఉక్కునగరం అనే పేరు వచ్చింది. 2021లో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కార్మికులు అదే నినాదంతో రోడ్డెక్కారు.

తెలుగులో పుట్టిన ఉద్యమ నినాదాల్లో పనితనంలో దీన్ని మించినది నాకు కనబడలేదు.