రాళ్లదారిలో స్టీరింగ్ ఆయిల్ డబ్బా

కాలిఫోర్నియాలోని మోహావీ ఎడారిలో, జాన్సన్ వ్యాలీలో 2007 నుంచి కింగ్ ఆఫ్ ద హ్యామర్స్ పోటీ జరుగుతోంది. చదునైన నేల మీద దూసుకెళ్లిన బండే కాసేపటికి మనిషెత్తు బండరాళ్ల మీద అంగుళం అంగుళం పాకాలి. అక్కడా, సియెర్రా నెవాడా కొండల్లోని రూబికాన్ దారిలోనూ తిరిగే జీపులకు టైర్ల తర్వాత ఎక్కువ పరీక్ష స్టీరింగ్‌కే. రాతి సందులో ఇరుక్కున్న 37 అంగుళాల టైరును తిప్పబోతే స్టీరింగ్‌కు ఆయిల్ తోసే పంపు గరిష్ఠ ఒత్తిడి దాకా వెళ్లిపోతుంది. ఆయిల్, ఒత్తిడి మితిమీరకుండా తెరుచుకునే రిలీఫ్ వాల్వు గుండా మళ్లీ మళ్లీ తిరుగుతూ కాగిపోతుంది. స్టీరింగ్ మొరాయించగానే చాలామంది పెద్ద పంపు కొంటారు. అంతకంటే ముందు చూడాల్సింది ఆయిల్ డబ్బాను. ఆయిల్‌లో చేరిన గాలి బయటికి పోవడానికి ఆ వ్యవస్థ మొత్తంలో ఉన్న చోటు అదొక్కటే.

1997–2006 మధ్య వచ్చిన జీప్ రాంగ్లర్ టీజేలో పంపు వెనక తగిలించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. బండి బాగా ఒరిగితే ఆయిల్ ఒక పక్కకు చేరి, పంపుకు వెళ్లే రంధ్రం ఆయిల్‌లోంచి బయటపడుతుంది. పంపు గాలి పీలుస్తుంది. ఆయిల్ చిలికిన మజ్జిగలా తెల్లగా నురగెత్తుతుంది. ద్రవం నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. అందుకే చేతిలో స్టీరింగ్ మెత్తబడిపోతుంది, పంపు ఈలలా అరుస్తుంది, ఆయిల్‌ను తోసే లోపలి రేకులు (వేన్లు) అరుగుతాయి. మూత సందులోంచి పొంగిన ఆయిల్ కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది. ఇక టైర్లను తోయడానికి అదనంగా హైడ్రాలిక్ ర్యామ్ బిగించిన బండిలో మరో చిక్కు ఉంది. ముప్పావు అంగుళం రాడ్డు 8 అంగుళాలు లోపలికి వెళితే, ఆ రాడ్డు ఆక్రమించినంత ఆయిల్, అంటే దాదాపు 58 మిల్లీలీటర్లు, డబ్బాలోకి వచ్చి పడుతుంది. రాడ్డు బయటికి వస్తే అంతా మళ్లీ కావాలి. చిన్న డబ్బాలో ఇది ఆయిల్ మట్టాన్ని బాగానే పైకీ కిందికీ ఆడిస్తుంది.

అందుకే అనుభవమున్న బిల్డర్లు పంపు కంటే ఎత్తులో నిలువుగా అల్యూమినియం డబ్బా పెడతారు. అడుగు నుంచి పంపుకు వెళ్లే గొట్టం పొట్టిగా, వంపుల్లేకుండా, పీల్పుకు నలగని రకంగా, లోపలి వ్యాసం దాదాపు 5/8 అంగుళం ఉండేలా చూస్తారు. తిరిగొచ్చే ఆయిల్ పైనుంచి ధారగా పడకూడదు. మట్టం కిందనే, గోడ వెంట వచ్చి సుడి తిరిగితే బుడగలు మధ్యకు చేరి పైకి తేలతాయి. ఆ సుడి అడుగు రంధ్రం దాకా దిగకుండా మధ్యలో రంధ్రాల పలక ఒకటి అడ్డుపెడతారు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ పలకే. కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఆయిల్‌ను నిలకడపరుస్తుంది. డబ్బాలోంచి గాలి పోయే గొట్టాన్ని ఎత్తుకు తీసుకెళతారు. ఫిల్టర్‌ను తిరుగుదారిలోనే పెడతారు, పీల్చే దారిలో పెడితే పంపుకే ఆయిల్ అందదు.

కంపెనీ ఇంజినీర్లకు ఇదంతా తెలియదా అనవచ్చు. తెలుసు, వాళ్ల డబ్బా రోడ్డుకు చక్కగా సరిపోతుంది. రోడ్డు మీదే తిరిగే బండికి ఈ ఖర్చు దండగే. డబ్బా పెద్దదైతే వేడి తగ్గదు, ఆలస్యంగా ఎక్కుతుంది అంతే అనే మాటలోనూ నిజముంది. వేడి పోవాలంటే తిరుగుదారిలో కూలర్ కావాల్సిందే. కానీ నురగలో కొంతభాగం గాలే, గాలి వేడిని సరిగా మోయదు. నురగను కూలర్‌లోకి పంపితే కూలర్ సామర్థ్యంలో కొంత వృథా. కాబట్టి ముందు డబ్బా, ఆ తర్వాత కూలర్. బిగించాక కూడా తొందర పనికిరాదు. ముందు చక్రాలు పైకెత్తి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పుతూ, డబ్బాలో బుడగలు రావడం ఆగేదాకా ఆయిల్ పోస్తూ ఉండాలి. ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.