చల్లబడ్డ చేతి వెనక పనితనం

గజపతినగరం దగ్గర, సాలూరు రోడ్డు మీద బండి మీంచి పడ్డ కుర్రాడు. తొడకి గట్టిగా కట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసి ముద్దయింది. "బీపీ బాగుందన్నారు గదా బాబూ, మరేటి భయం?" అంది తల్లి. నిజమే, పై బీపీ 110. కానీ నా చేతిలో ఉన్న ఆ చెయ్యి చల్లగా, చెమటతో జిగటగా ఉంది. నాడి 120.

ఆ బీపీ దానంతటది నిలబడలేదు, ఒళ్లంతా కలిసి నిలబెట్టింది. చెరువు అడుగంటితే రైతు మదుములన్నీ మూసి నారుమడికే నీళ్లు వదులుతాడు. ఇదీ అంతే. మెడ ధమని గోడల్లోని నాడులు ఒత్తిడి తగ్గడం కనిపెట్టిన క్షణాల్లోనే అడ్రినలిన్ విడుదలవుతుంది. చర్మానికీ పేగులకీ పోయే నాళాలు బిగుసుకుంటాయి. మెదడుకీ గుండెకీ ధార సాగుతుంది.

నాకు అన్నిటికన్నా అబ్బురం చక్కెర. కుర్రాడికి మధుమేహం లేదు, పొద్దుట్నుంచీ తిండీ లేదు. అయినా మీటరు 190 చూపించింది. అడ్రినలిన్, గ్లూకగాన్ హార్మోన్లు కలిసి కాలేయంలో దాచిన గ్లైకోజెన్‌ని చక్కెరగా కరిగిస్తాయి. కండరాలు ఆ చక్కెరని లాక్కోకుండా అడ్రినలిన్ ఇన్సులిన్‌ని కూడా అణిచిపెడుతుంది. ఇదంతా మెదడు ఆకలి కోసమే అనుకుంటాం. దీంట్లో ఇంకో పని ఉంది. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది చూడండి, అలాగే పెరిగిన చక్కెర కణాల్లోంచి నీటిని బయటికి లాగుతుంది. అందులో కొంత నాళాల్లోకి చేరి, పోయిన నెత్తురు చోటు నింపుతుంది. ఒకే సరుకుతో తిండీ, నీళ్లూ!

కండరం మాత్రం తన గ్లైకోజెన్‌ని నేరుగా చక్కెరగా బయటికి పంపజాలదు. లాక్టేట్‌గా పంపితే కాలేయం దాన్ని మళ్లీ చక్కెర చేస్తుంది. ఇలాంటి గాయపు షాక్ తర్వాత జీవక్రియ ముందు మందగించి, పిదప ఉరకలేస్తుందని 1942లో కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఆ రెండు దశల్నీ ఆటు, పోటు అన్నాడు.

ఈ కాపుదలకి హద్దుంది. ఒంట్లో ఉండే అయిదు లీటర్ల నెత్తురులో ఒకటిన్నర పోయేసరికి బీపీ పడిపోతుంది. అందుకే అది పడేదాకా ఆగకుండా రెండు చేతులకీ సెలైన్ పెట్టి, 108లో విజయనగరం తీసుకెళ్లాం. అక్కడ గాయం కుట్టి, రెండో రక్తం సంచీ సగమయ్యేసరికి అరచెయ్యి వెచ్చబడింది. మూసిన మదుములు తెరుచుకుంటున్నాయి. తల్లి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.