‘ఇంటికొస్తే కదా!’

ఆమధ్య ఒక కథ మీద సమీక్ష రాస్తూ అందులోని కౌలురైతుని ‘డిఫీటిస్ట్’ అన్నాను. పక్కనే తెలుగులో ‘నిరాశావాది’ అని కూడా రాశాను. రెండూ తప్పే.

నిరాశావాదికి దగ్గరి ఇంగ్లిష్ మాట పెసిమిస్ట్. దాని లాటిన్ మూలానికి ‘అన్నిటికంటే చెడ్డది’ అని అర్థం. అది లోకం మీద ఒక అభిప్రాయం, అంతే. డిఫీటిజం మాత్రం మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్రెంచి నుంచి వచ్చిన నింద. ఎలాగూ ఓడిపోతాం, ఇక ఆపేద్దాం అనేవాళ్ళ మీద వేసింది. ఓటమిని ఊహించడం ఒక్కటే చాలదు, పని మానెయ్యాలి కూడా. మనకి చక్కటి మాటే ఉంది: ముందే చేతులెత్తేయడం. ‘వాదం’ తగిలించేసరికి ఆ చేతులు కనపడకుండా పోతాయి.

మొవ్వలో మా తాతయ్యని పంటెలా ఉందని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: “ఇంటికొస్తే కదా!” ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆయన్ని మొహం మీదే డిఫీటిస్ట్ అన్నాను. అర్థం కూడా చెప్పాను. “అట్టాగా” అని నవ్వి, పంటబోదె చూసుకోడానికి వెళ్ళిపోయాడు. మా వైపు వరి కోతకొచ్చేదే తుఫాన్ల కాలంలో. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన తరం, కుప్ప వేసేదాకా పంట తమదనుకోదు. కానీ ఊడుపులు మానలేదుగా! ఇప్పుడు నేను సర్వర్ పడిపోతుందనే లెక్కతోనే కోడ్ రాస్తాను. దాన్ని మా ఆఫీసులో మంచి డిజైన్ అంటారు.

మువ్వగోపాలుడి ముద్రతో పదాలు కట్టిన క్షేత్రయ్య నాయికల దగ్గరా ఇదే పొరపాటు చేస్తాం. విరహం అనగానే నిరాశ అనేస్తాం. సంకేతస్థలానికి వెళ్ళి, వాడు రాక మోసపోయిన విప్రలబ్ధది నిరాశే, ఒప్పుకుంటాను. ఖండిత సంగతి వేరు. ఇంకొకరి గుర్తులతో తెల్లారి వచ్చినవాణ్ణి నిలదీస్తుంది. రేపూ వాడింతేనని ఆమెకి తెలీదా? చేతులెత్తేసిన మనిషి అంతసేపు తగువాడదు. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, షుల్మన్ తమ అనువాదానికి (1994) ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’ అని పేరు పెట్టారు. వేశ్య లెక్కలో దేవుడూ ఎగ్గొట్టొచ్చు. అందుకే ముందు సొమ్మడుగుతుంది. అడిగిందంటే తలుపు ఇంకా మూయలేదన్నమాట.

నా సమీక్షలోని కౌలురైతు పంట రాదనే అంటాడు, కథ పొడుగునా. ఆఖరి పేజీలో అప్పు తెచ్చి మళ్ళీ వడ్లు నానబోస్తాడు. ఆ పేజీ గురించి నేను ఒక్క వాక్యమూ రాయలేదు.