కాళ్లకు తొందర, చేతులకు నిదానం

ఫ్లోరిడాలో నేను ట్విన్ ఇంజిన్ రేటింగ్ నేర్పే కుర్రాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. పిల్లాడు ఈ మెట్టుకు చేరాడంటే ఇంట్లోవాళ్ల మనసు కుదుటపడుతుంది. "ఇక భయం లేదు కదండీ, ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది" అని ఓ తండ్రి వీడియో కాల్‌లో నన్నడిగాడు. అవునండీ అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయనకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

మేం నేర్పేది పైపర్ సెమినోల్ మీద. 180 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు. రెండూ తిరుగుతుంటే నిమిషానికి వెయ్యి అడుగులకు పైగా ఎక్కుతుంది. ఒకటి ఆగితే ఐదు వందలన్నా ఎక్కాలి కదా? ఎక్కదు. నిండు బరువుతో, సముద్రమట్టం దగ్గర, అన్నీ పద్ధతిగా చేస్తే రెండు వందల చిల్లర. శక్తిలో చాలా భాగం విమానం ఎత్తు కోల్పోకుండా ఎగరడానికే సరిపోతుంది. ఎక్కడమన్నది ఆ ఖర్చు పోగా మిగిలినదానితోనే. పోయే సగం ఆ మిగులులోంచే పోతుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం అదీ తరిగిపోతుంది.

జోడెడ్ల బండిలో ఒక ఎద్దు నిలబడిపోతే బండి ఎటు తిరుగుతుందో పల్లెటూరి పిల్లలకు చెప్పక్కర్లేదు. ఎడమ ఇంజిన్ ఆగితే ముక్కు ఎడమకు లాగుతుంది, ఆ వైపు రెక్క కిందికి వాలుతుంది. వెంటనే కుడికాలితో రడ్డర్ తొక్కాలి. ఇక్కడ ఆలోచనకు చోటు లేదు, కాలు తనంతట తాను వెళ్లాలి. ముక్కు సూటిగా నిలిచాక ఎడమకాలికి పనుండదు. పని లేని కాలు ఏ వైపో, ఆగిన ఇంజిన్ ఆ వైపే. గేజులు చూసి పోల్చుకోబోతే పొరబడతాం. కాలు అంత తేలిగ్గా పొరబడదు.

ఇక చేతుల సంగతి. నేర్పడంలో నా శ్రమంతా వీటి దగ్గరే. కాళ్లకు నేర్పిన తొందర చేతులకూ అంటుకుంటుంది. చెక్‌లిస్టు అడ్డంపెట్టి నేను చాటుగా ఓ థ్రాటిల్ వెనక్కి లాగానో లేదో, కుర్రాడి చెయ్యి ప్రొపెల్లర్ లివర్ల మీద ఉంటుంది. మణికట్టు పట్టుకుని ఆపుతాను. ముందు లివర్లన్నీ ముందుకు తోయాలి. ఫ్లాప్స్, చక్రాలు పైకి. ఆగిందనుకున్న ఇంజిన్ థ్రాటిల్‌ను మెల్లగా వెనక్కి తీసి చూడాలి. శబ్దం మారలేదా, కాలి మీద ఒత్తిడి మారలేదా, అయితే అదే. అప్పుడే ఫెదర్ చెయ్యాలి, అంటే ప్రొపెల్లర్ రేకులను గాలికి అంచు చూపేలా తిప్పాలి. తిప్పకపోతే గాలికి ఊరికే తిరిగే ఆ ప్రొపెల్లరే విమానాన్ని వెనక్కి లాగుతుంది, ఆ రెండు వందల చిల్లరా దక్కదు. నిదానమంటే నిద్రపోవడం కాదు లెండి: సెమినోల్‌లో ప్రొపెల్లర్ చక్కర్లు నిమిషానికి 950 కన్నా కిందికి పడిపోతే లోపలి పిన్నులు బిగుసుకుని ఫెదరే కాదు.

చేతి తొందర అనుభవం లేనివాళ్ల జబ్బు అనుకుంటారు. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్-72 టేకాఫ్ అయిన కాసేపటికి కుడి ఇంజిన్ ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయింది. కెప్టెన్ ఎడమ ఇంజిన్ తగ్గించాడు, తర్వాత దాన్నే ఆపేశారు. తప్పు వైపుది లాగానని ఆయన అన్న మాట రికార్డర్‌లో ఉంది. విమానం నదిలో పడింది, 58 మందిలో 43 మంది పోయారు. మా సెమినోల్ కంటే ఎన్నో రెట్లు పెద్ద విమానం, అనుభవమున్న చేతులు. ఆ ఘటన గురించి చెబుతుంటే క్లాసులో ఎవరూ ఫోన్ చూడరు.

అయితే ఒక్క చోట నా పాఠం నాకే అడ్డొస్తుంది. స్పీడ్ మీటర్లో 88 నాట్ల దగ్గర నీలి గీత, అంటే ఒక్క ఇంజిన్‌తో బాగా ఎక్కే స్పీడు; 56 దగ్గర ఎర్ర గీత. స్పీడు తగ్గేకొద్దీ రడ్డర్ బలం పోతుంది, తిరిగే ఇంజిన్ లాగుడు మాత్రం పోదు. ఎర్ర గీత దాటి దిగితే కాలు చివరిదాకా తొక్కినా ముక్కు ఆగదు, విమానం బోర్లా పడుతుంది. తిరిగే ఇంజిన్ వైపు ఐదు డిగ్రీలు వాల్చి కొలిచిన అంకె అది. రెక్కలు సమంగా ఉంటే ప్రమాదం ఇంకా ముందే మొదలవుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ముక్కు దించి, బాగా నడుస్తున్న ఇంజిన్ థ్రాటిల్‌ను వెనక్కి లాగడం. పై ఎత్తులో సాధన చేయిస్తుంటే ముక్కు అందరూ దించుతారు. చెయ్యి మాత్రం కదలదు. మిగిలిన ఒక్క ఇంజిన్‌నూ మనమే తగ్గించడమేమిటని మొండికేస్తుంది.

అందుకే ప్రతి టేకాఫ్‌కు ముందు నేల మీదే పైకి చెప్పిస్తాను: "స్పీడు నిలవకపోతే రెండూ మూసి, ఎదురుగా దొరికిన చోట దిగుతాను." మొన్నొక గుంటూరు కుర్రాడు ఇది చెప్పి, రన్‌వే చివరన మెరుస్తున్న నీళ్ల వైపు చూశాడు.

"ఎదురుగా చెరువుంది కదా సార్?"

"చెరువులోనే దిగు. రెక్కలు సమంగా ఉంచు."